ఆర్కిటెక్ట్ చేతికి ఎంత వస్తుంది? పన్నుకు ముందే ఎంత పోతోంది?

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో నల్గొండలోని మా ఆఫీసుకు ఇల్లు కట్టుకునేవాళ్లతో పాటు పిల్లల చదువు గురించి అడిగేవాళ్లూ వస్తుంటారు. "మా బిడ్డ మంచిగ గీస్తది సార్, నాటా రాసింది. ఆర్కిటెక్చర్‌ల చేర్పిస్తే రేపు చేతికెంత వస్తది?" అంటారు. అప్పు చేసో, ఎకరం అమ్మో చదివించేవాళ్లు అడిగే ప్రశ్న అది. దానికి "ముందు ఆసక్తి ఉండాలి, డబ్బు దాని వెనకే వస్తుంది" అని మా వృత్తిలో చాలామంది చెప్పే జవాబు నాకు అస్సలు నచ్చదు. నేను చూసినంతవరకు బాగా ఆసక్తి ఉన్న పిల్లలే తక్కువ జీతానికి ఎక్కువ రోజులు ఆగిపోతున్నారు. అందుకే వాళ్లకు లెక్క తెలియాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆర్కిటెక్ట్ సంపాదనలోంచి ఆదాయపు పన్ను తీసుకునేది చాలా తక్కువ. మొదటి పదేళ్లు చాలామందికి అది సున్నా. డబ్బు పోయేది అంతకంటే ముందే, చేసిన పనికి ఫీజు అడగకపోవడం వల్ల. మా జిల్లాల్లో ఆ నష్టం మరీ ఎక్కువ. అయినా సరే, ఆర్కిటెక్ట్ కెరీర్ బాగా ఎదిగే అవకాశం నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

బీఆర్క్ అయిదేళ్ల కోర్సు, బీటెక్ కంటే ఏడాది ఎక్కువ. నాటా అనే ప్రవేశ పరీక్ష ద్వారా గానీ జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపర్ ద్వారా గానీ సీటు వస్తుంది. కోర్సు చివరి భాగంలో ఏదో ఒక ఆఫీసులో ప్రాక్టికల్ ట్రైనింగ్ చేయాలి. డిగ్రీ చేతికొచ్చాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకుంటేనే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆర్కిటెక్ట్ అని చెప్పుకునే హక్కు వస్తుంది. ఇన్ని మెట్లు ఎక్కి హైదరాబాద్‌లో ఓ మోస్తరు ఆఫీసులో చేరిన జూనియర్‌కు, నాకు తెలిసిన పిల్లల్ని బట్టి చూస్తే, నెలకు 15 వేల నుంచి 25 వేల దాకా ఇస్తున్నారు.

25 వేలే అనుకుందాం. చాలాచోట్ల ఆఫర్ లెటర్‌లో రాసే ఆ అంకె సీటీసీ, అంటే యజమాని కట్టే పీఎఫ్ వాటా కూడా అందులోనే ఉంటుంది. 15 వేల బేసిక్ మీద 12 శాతం చొప్పున యజమాని వాటా 1,800, ఉద్యోగి వాటా మరో 1,800. తెలంగాణలో జీతం 20 వేలు దాటితే వృత్తి పన్ను నెలకు 200. ఇవన్నీ పోగా చేతికొచ్చేది 21,200. పీఎఫ్ మన డబ్బే, ఎక్కడికీ పోదు. కానీ మెహిదీపట్నంలో గది అద్దె, మెస్ బిల్లు, బస్ పాస్ ఆ 21,200లోనే సర్దుకోవాలి. ఇందులో ఆదాయపు పన్ను ఒక్క రూపాయి కూడా లేదు.

జీతం పెరిగినా చాలాకాలం అది సున్నాగానే ఉంటుంది. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు ఉంది, అంటే లెక్కకొచ్చే పన్నంతా మాఫీ. జీతం తీసుకునేవాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా కలిస్తే అది 12.75 లక్షలు అవుతుంది. నెలకు లక్ష రూపాయల జీతమున్న సీనియర్ ఆర్కిటెక్ట్ కూడా ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. నెలకు లక్షన్నర, అంటే ఏడాదికి 18 లక్షలు వచ్చేవాళ్లకు 17.25 లక్షల మీద శ్లాబుల ప్రకారం 1,45,000, దానిపై 4 శాతం సెస్సు కలిపి 1,50,800 పడుతుంది. నెలకు పన్నెండున్నర వేల పైచిలుకు. ఆ జీతంలో అది భరించలేని మొత్తమేమీ కాదు. కాకపోతే జీతం మీద ఆధారపడిన ఆర్కిటెక్టుల్లో లక్షన్నర దాకా చేరేవాళ్లు బహు కొద్దిమంది.

జూనియర్, ప్రాజెక్ట్ ఆర్కిటెక్ట్, సీనియర్, అసోసియేట్ అని మెట్లు కనిపిస్తాయి గానీ ఎక్కడం నెమ్మది. దానికి కారణం మా పని స్వభావంలోనే ఉంది. ఒక భవనం మొదటి గీత నుంచి గృహప్రవేశం దాకా రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. నాలుగేళ్లు జూనియర్‌గా ఉన్నవాళ్లు మొదలు నుంచి చివరిదాకా చూసినవి ఒకటో రెండో ఉంటాయి. ఆఫీసు మారినప్పుడల్లా సగంలో ఉన్న భవనాన్ని వదిలేసి రావాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ మారితే జీతం పెరుగుతుంది. మా దగ్గర మాటిమాటికీ మారితే త్రీడీ బొమ్మలు తయారుచేసే పనికే పరిమితం చేస్తారు. రెవిట్, లూమియన్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు బాగా వచ్చిన పిల్లల్ని సైటుకు పంపకుండా కంప్యూటర్ ముందే కూర్చోబెట్టడం నేను చాలాచోట్ల చూశాను. సైటు ఎరగని ఆర్కిటెక్ట్‌కు పదేళ్ల తర్వాత కూడా సొంతంగా ఇల్లు అప్పగించడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ప్రభుత్వ ఉద్యోగం దారి ఇరుకు. 2022లో టీఎస్‌పీఎస్సీ 175 టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. స్కేలు 32,810 నుంచి 96,890. సివిల్ డిప్లొమా చేసినవాళ్లకూ, అయిదేళ్లు బీఆర్క్ చదివినవాళ్లకూ అదే పోస్టు, అదే జీతం. ఆ ఉద్యోగంలో స్థిరత్వం ఉంది, కాదనను. కానీ అక్కడ చేసేది ఎక్కువగా ఇతరుల ప్లాన్లను పరిశీలించే పని.

ఇక సొంత ప్రాక్టీసు. ఇక్కడ పన్ను చట్టం ఆర్కిటెక్టులకు చాలా అనుకూలంగా ఉంది. ఈ సంగతి నా తోటివాళ్లలో చాలామందికి తెలియకపోవడం బాధగా ఉంటుంది. ఆడిటర్లు 44ఏడీఏ అని పిలిచే సెక్షన్ కింద డాక్టర్లు, లాయర్లతో పాటు ఆర్కిటెక్టులూ ఉన్నారు. ఏడాదిలో వచ్చిన ఫీజుల్లో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, ప్రతి ఖర్చుకూ బిల్లులు దాచి పుస్తకాలు రాయాల్సిన పని లేదు. పరిమితి 50 లక్షలు. నగదుగా తీసుకున్నది 5 శాతం దాటకపోతే 75 లక్షలు. ఏడాదికి 20 లక్షల ఫీజులు వస్తే లెక్కలో ఆదాయం 10 లక్షలు, పన్ను సున్నా. 30 లక్షలు వస్తే ఆదాయం 15 లక్షలు, సెస్సుతో కలిపి పన్ను 1,09,200. మొత్తం ఫీజుల్లో అది 4 శాతం కూడా కాదు. అడ్వాన్స్ ట్యాక్స్ కూడా నాలుగు వాయిదాల్లో కాకుండా మార్చి 15 లోపు ఒకేసారి కట్టొచ్చు. హాస్పిటళ్లు, స్కూళ్లు మన ఫీజులోంచి 10 శాతం టీడీఎస్, అంటే ముందస్తు పన్నుగా పట్టుకుంటాయి. రిటర్న్ వేస్తే కట్టక్కర్లేని పన్ను వెనక్కి వస్తుంది.

ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు ఫీజు నగదుగా తీసుకుని లెక్కలో చూపకపోవడం దేనికి? ఇది యువ ఆర్కిటెక్టులను నేను నిజంగా నిలదీసి అడిగే ప్రశ్న. చూపినా పన్ను పడని డబ్బును దాచిపెడితే, రేపు సొంత ఆఫీసుకో ఇంటికో లోన్ కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు మూడేళ్ల ఐటీ రిటర్నులు ఖాళీగా ఉంటాయి. పక్కింటి టీచర్‌కు వచ్చే లోన్ మనకు రాదు.

ఆదాయపు పన్ను కంటే బరువైనది జీఎస్టీ. ఏడాది ఫీజులు 20 లక్షలు దాటితే రిజిస్టర్ చేసుకుని 18 శాతం వేయాలి. పుస్తకాల్లో అయితే ఆ పన్ను క్లయింటుది. నల్గొండలో ఇల్లు కట్టుకునే సార్‌కు 72 వేల ఫీజు చెప్పి, జీఎస్టీతో 84,960 అన్నామంటే వెంటనే వచ్చే మాట, "మొత్తం కలిపి 72కే చేయండి." ఒప్పుకుంటే మనకు మిగిలేది 61,017. దాదాపు 11 వేలు మన జేబులోంచే పోయాయి. ఇంటి యజమానికి ఆ జీఎస్టీ మీద క్రెడిట్ రాదు, అంటే కట్టిన ఆ పన్నును మరో పన్నులో తగ్గించుకోలేడు. మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని అయినా, సొంత భవనం కట్టుకోవడానికి వాడిన సేవల మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి అతనికీ అది అదనపు ఖర్చే. పక్కనే 20 లక్షల లోపు ఉన్న ఇంజనీర్ జీఎస్టీ లేకుండా కొటేషన్ ఇస్తాడు. ఇందువల్లే చాలా చిన్న ఆఫీసులు 19 లక్షల దగ్గర ఆగిపోయి, పని వచ్చినా వద్దనుకుంటున్నాయి. వృత్తి ఎదగాల్సిన చోట ఇది అడ్డుగోడగా తయారైంది. చిన్న ప్రాక్టీసులకు ఈ పరిమితి పెంచాలని ఆర్కిటెక్టుల సంఘాలు గట్టిగా అడగాలి.

అయితే జీఎస్టీ కూడా ఆ 72 వేల తర్వాతి మాట. అసలు ఆ 72 వేలు ఎక్కడి నుంచి వచ్చాయి?

200 గజాల ప్లాటు, కింద ఒకటి పైన ఒకటి, మొత్తం 2,400 చదరపు అడుగుల ఇల్లు అనుకోండి. అడుగుకు 2,000 చొప్పున కట్టడానికి 48 లక్షలు. ఆర్కిటెక్ట్ ఫీజు అడుగుకు 30 రూపాయలు, అంటే 72 వేలు. ఇంటి ఖర్చులో ఒకటిన్నర శాతం. అదే ఇంట్లో టేకు దర్వాజకు, తలుపుకు, దాని మీద చెక్కుడు పనికి లక్ష పెట్టడానికి ఎవరూ వెనకాడరు. ఆ 72 వేలలోంచి స్ట్రక్చరల్ ఇంజనీర్ ఫీజు, డ్రాఫ్ట్స్‌మన్ జీతం, ప్రింట్లు, సైటుకు తిరిగే పెట్రోలు పోవాలి. ఆఫీసుకు ఏడాదికి 18 లక్షలు రావాలంటే ఈ లెక్కన 25 ఇళ్లు చేయాలి. నెలకు రెండిళ్లకు పైనే. ఇద్దరు డ్రాఫ్ట్స్‌మెన్ ఉన్న ఆఫీసు నెలకు రెండిళ్లు శ్రద్ధగా చేయడం నా దృష్టిలో సాధ్యం కాదు. అందుకే పాత ప్లాన్‌నే తిప్పి, కొలతలు మార్చి ఇవ్వడం అలవాటవుతుంది. అక్కడితో ఆర్కిటెక్ట్‌గా చదివింది పక్కకు పోతుంది.

ఇంత తక్కువ ఫీజు స్థిరపడటానికి ఒక కారణం, మా దగ్గర ప్లాన్ అంటే పర్మిషన్ ప్లాన్ అనే అర్థం చేసుకుంటారు. 2020లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు ప్లాట్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తోంది. మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గింది, జనానికి ఇది నిజంగా మేలు చేసింది. అయితే ఆన్‌లైన్‌లో పెట్టే ఆ డ్రాయింగును లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్ ఎవరైనా 10, 15 వేలకు గీసిస్తారు. ఇంటివాళ్లు దాన్నే మేస్త్రి చేతిలో పెట్టి ముగ్గు పోయిస్తారు. సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు సరిపోయాయా లేదా అన్నదే ఆ షీట్ చెబుతుంది. గదిలోకి గాలి ఎటు నుంచి వస్తుందో, మెట్లు ఎక్కుతుంటే తలకు దూలం తగులుతుందో లేదో అందులో ఉండదు.

చట్టమూ మాకు అంతవరకే తోడుంది. ఆర్కిటెక్ట్స్ చట్టంలోని 37వ సెక్షన్ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆర్కిటెక్ట్ అనే పేరు వాడకూడదంటుంది. ఆ పని చేయడాన్ని మాత్రం ఆపదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు మీద మావాళ్లు చాలామంది కోపంగా ఉన్నారు. నాకు అంత కోపం లేదు. చట్టం పని తెచ్చిపెడుతుందని కూర్చుంటే జిల్లాల్లో ఏనాటికీ పని రాదు. మేం గీసింది మామూలు షీట్ కంటే ఎందుకు మెరుగో ఇంటివాళ్లకు కళ్లకు కట్టినట్టు చూపించాలి.

ఒకటి చెబుతాను. దేవరకొండ రోడ్డు వైపు పడమటి ముఖం ప్లాటు. పర్మిషన్ ప్లాన్‌లో మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో ఉంది, కిటికీ పడమటికి ఉంది. నైరుతి గదిని కదిలిస్తామంటే ఇంటి పెద్దాయన ఒప్పుకోడు, అడగడం కూడా అనవసరం. గదిని అక్కడే ఉంచి, పడమటి గోడను తొమ్మిది అంగుళాలకు పెంచి, లోపలి వైపు ఆ గోడ పొడవునా అల్మారాలు పెట్టాం. కిటికీని దక్షిణానికి తిప్పి, పైన రెండడుగుల సజ్జ వేశాం. పోర్టికో శ్లాబును ఆ గోడ మీదికి నీడ పడేలా పొడిగించాం. "దక్షిణం కిటికీకి ఎండ కొట్టదా సార్?" అని పెద్దాయన అడిగాడు. నల్గొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, కాస్త ఉత్తరానికే ఒరుగుతాడు. దక్షిణం కిటికీకి అప్పుడు ఎండే పడదు. ఇంటిని కాల్చేవి పైన శ్లాబు, సాయంత్రం పడమటి గోడ. కాగితం మీద గీసి చూపిస్తే ఆయనకు వెంటనే అర్థమైంది, మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. 45 డిగ్రీలు దాటే ఎండల్లో రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెడితే సుర్రుమనే గదికీ, ఈ గదికీ ఉన్న తేడాను ఏసీ బిల్లే చెబుతుంది.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడను బంధువులొస్తే తీసుకెళ్లి చూపించే ఊరు మాది. వెలుగును, నీడను లెక్కగట్టి కట్టడం ఈ నేలకు కొత్త కాదు. ఆ లెక్కకు నేటి ఇంట్లో చోటు దొరకాలంటే, దాన్ని వేసేవాళ్లకు సరిపడా ఫీజు దక్కాలి.

ఎంత అంటే, నా మాట 3 శాతం. 48 లక్షల ఇంటికి 1,44,000. అప్పుడు 18 లక్షలకు ఏడాదిలో పన్నెండు, పదమూడు ఇళ్లు చాలు. ఒక్కో ఇంటికి నెల రోజులు పెట్టొచ్చు. ఖర్చులకు 9 లక్షలు పోయినా 9 లక్షలు మిగులుతాయి, పైన చెప్పిన సెక్షన్ కింద పన్ను లేదు. నెలకు 75 వేలు, అదీ సొంత ఊళ్లో. హైదరాబాద్‌లో పదేళ్లు పనిచేసి 60 వేల దగ్గర ఉన్న నా స్నేహితుల కంటే ఇది మెరుగు. అద్దెలో తేడా నేను ఇక్కడ కలపలేదు.

ఆ 3 శాతం అడిగే ముందు పని పద్ధతి మారాలి. మిర్యాలగూడ వైపు ఒక ఫంక్షన్ హాల్ కోసం స్కీము, త్రీడీ, ఎలివేషన్ అన్నీ మా చేత చేయించుకుని, ఆ షీట్లతోనే వేరేవాళ్ల చేత కట్టించుకున్నారు. మాకు ఒక్క రూపాయి రాలేదు. ఇలాంటిది జరగని ఆర్కిటెక్ట్ మా జిల్లాలో ఉండరు. కారణం ఒకటే, ముందు గీసి చూపించు, నచ్చితే మాట్లాడుకుందాం అనే పద్ధతికి అందరం తలొగ్గుతున్నాం. డాక్టర్ దగ్గర ఓపీ చీటీ లేకుండా ఎవరూ లోపలికి వెళ్లరు. సైటు చూడటానికి వెళ్లినప్పుడే చిన్న ఫీజు తీసుకోవాలి, పని కుదిరితే మొత్తంలో తగ్గించాలి. ఒక పేజీ ఒప్పంద పత్రం తెలుగులో ఉండాలి. ప్లాన్ ఖరారయ్యాక ఇంత, పర్మిషన్‌కు ఇంత, వర్కింగ్ డ్రాయింగులకు ఇంత, ప్రతి శ్లాబుకు ముందు సైటుకు వచ్చినందుకు ఇంత, ప్లాన్ మూడోసారి మార్చమంటే అదనంగా ఇంత. స్ట్రక్చరల్ ఇంజనీర్ ఫీజు విడిగా రాయాలి. వాస్తు సిద్ధాంతి ఎవరో మొదటి రోజే తెలుసుకుని, గీత గీయకముందే ఆయనతో ఒకసారి కూర్చోవాలి. చివర్లో ఆయన వచ్చి అంతా తిప్పేస్తే పోయేవి మన రోజులే. ఇలా పత్రం పెడితే కొందరు వెళ్లిపోతారు. ఉండేవాళ్లు డబ్బులు సమయానికి ఇస్తారు, తమ చుట్టాలనూ పంపిస్తారు.

జిల్లాకు రమ్మంటున్నది ఊరి మీద ప్రేమతో మాత్రమే కాదు. 2016లో జిల్లాలు విడిపోయాక సూర్యాపేట, భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట జిల్లా కేంద్రాలయ్యాయి. వాటితో పాటే హాస్పిటళ్లు, స్కూళ్లు, హాస్టళ్లు, రోడ్డు పక్క మడిగెలు పెరిగాయి. ఇవి కట్టించేవాళ్లు మనల్ని ముఖాముఖి చూసి, మన పాత ఇల్లు ఒకటి చూసి పని ఇస్తారు. హైదరాబాద్‌లో పేరున్న ఆఫీసు కింద పనిచేసే ముప్పై ఏళ్ల ఆర్కిటెక్ట్‌కు సొంతంగా హాస్పిటల్ పని దొరకడం కష్టం, నాగర్‌కర్నూల్‌లో దొరుకుతుంది. అయితే డిగ్రీ అవగానే వచ్చేయొద్దని కూడా చెబుతాను. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకుని, నాలుగైదేళ్లు సైటుకు పంపే ఆఫీసులోనే పనిచేయాలి. ఇంటర్వ్యూలో జీతం అడగాలి. దాంతోపాటు సైటుకు పంపుతారా, పీఎఫ్ సీటీసీలో కలిపారా, ఇచ్చేది జీతంగా ఇస్తారా లేక కన్సల్టెంటుగా చూపి 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారా అని కూడా అడగాలి. పూర్తికాలం పనిచేయించుకుంటూ కన్సల్టెంట్ అని రాసుకుంటే పిల్లలకు పీఎఫ్ ఉండదు, సెలవులూ ఉండవు.

ఆర్కిటెక్చర్ కాలేజీల్లో ప్రొఫెషనల్ ప్రాక్టీస్ అని ఒక సబ్జెక్టు ఉంది. అందులో టెండర్లు, కాంట్రాక్టులు, ఆర్బిట్రేషన్ చెబుతారు. చివరి సంవత్సరాల్లో, థీసిస్ హడావుడిలో, పరీక్షకు చదివేసి మరిచిపోతారు. దాన్ని ట్రైనింగ్‌కు వెళ్లే ముందే పెట్టాలి. క్లాసుకు ఒక ఆడిటర్‌ను పిలిచి 44ఏడీఏ, జీఎస్టీ, టీడీఎస్ బోర్డు మీద లెక్కలతో చూపించాలి. జిల్లాలో ప్రాక్టీసు చేసే ఒకరిని పిలిచి నిజమైన కొటేషన్ రాయించాలి. మా ఆఫీసుకు ట్రైనింగ్‌కు వచ్చేవాళ్ల చేత డ్రాయింగుతో పాటు ఒక్కో ఇంటి ఫీజు లెక్క కూడా వేయిస్తున్నాం, స్టైపెండ్ ఇస్తున్నాం. అది ఎక్కువేమీ కాదు, గది అద్దె, తిండి వెళ్లిపోతాయి. స్టైపెండ్ ఇవ్వని ఆఫీసులకు విద్యార్థులను పంపబోమని కాలేజీలు నిర్ణయించుకుంటే, ఈ మార్పు వచ్చే ట్రైనింగ్ సెమిస్టర్ నుంచే మొదలుపెట్టవచ్చు.